సముద్రమునకు చెవి యొగ్గిన శాస్త్రవేత్త: పాల్ లాంజెవిన్

1985వ సంవత్సరము జూన్ 23వ తేదీన ఎయిర్ ఇండియా వారి కనిష్క విమానము ఐర్లండు తీరమునకు దూరముగా, అట్లాంటిక్ మహాసముద్రముపై ఎగురుచుండగా ఆకాశముననే ప్రేలి ముక్కలై నీట బడెను. అందున్న 329 మందిలో ఒక్కరును మిగులలేదు. కెనడాలో స్థిరపడిన మన దేశపు కుటుంబములు, వేసవి సెలవులకు బంధువులను చూడవచ్చుచున్న పిల్లలు వారిలో పెక్కుమంది. నీటిపై తేలిన శకలములు కొంత చెప్పినవి. జరిగినదేమో నిక్కముగా తెలుపవలసిన రెండు పెట్టెలు మాత్రము రెండు కిలోమీటర్ల లోతున, సూర్యకాంతి ఎన్నడును చేరని చోట పడియుండెను. మూడు వారములు తిరుగకుండగనే వాటి జాడ కనిపెట్టి, ఫ్రెంచి కేబులు ఓడ యొక్కదాని నుండి స్కారబ్ అను యంత్రమును దింపి, రెంటిని పైకి తీసిరి.

అంత లోతున అవి ఎట్లు దొరికినవి? బ్లాక్ బాక్సు అని లోకము పిలుచు ఈ పెట్టెకు (దాని రంగు నిజమునకు నారింజ వన్నె) చేతి పిడికిట పట్టునంతటి చిన్న గొట్టమొకటి తగిలించబడి యుండును. నీరు తాకగానే ఆ గొట్టము సెకనుకు ఒకమారు చొప్పున శబ్దము చేయ నారంభించును. దాని పౌనఃపున్యము సెకనుకు 37,500 కంపనములు. మానవుని చెవి ఇరువది వేలు దాటిన ధ్వనిని వినజాలదు గనుక, ఆ గొట్టము మన చేతిలోనే మ్రోగుచున్నను మనకు వినబడదు. ఓడ వెనుక త్రాటితో లాగుకొనిపోవు గ్రాహకము దానిని వినును. సముద్రపు నీరు వెలుతురును, రేడియో తరంగములను స్వల్ప దూరములోనే మ్రింగివేయును. ధ్వని యొక్కటియే ఆ నీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగముతో సాగిపోగలదు.

మానవుని చెవి కందని ధ్వనిని నీటిలో పుట్టించి, దానిని తిరిగి పట్టుకొను విద్యను ఆచరణలోనికి తెచ్చినవాడు ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త పాల్ లాంజెవిన్. తెలుగు మాధ్యమమున చదువు మన విద్యార్థులకును, ఉర్దూ మాధ్యమమున చదువు మిత్రులకును ఈ పేరు అయస్కాంతత్వ పాఠములో ఒక సూత్రముగా మాత్రమే పరిచయము. సూత్రము వెనుక నున్న మనుష్యుని గూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనని మాకు తోచినది.

లాంజెవిన్ 1872 జనవరి 23న పారిస్ నగరమునందలి మోంమార్త్ర పేటలో జన్మించెను. తండ్రి కట్టడముల కొలతలు తీసి లెక్కలు సరిచూచు వృత్తిలో నుండెను. ఇల్లు గడచుటకు లోటు లేదు గాని సంపన్నుల కుటుంబము కాదు. పదునారేండ్ల వయసున అతడు పారిస్ పురపాలక సంఘము వారి భౌతిక రసాయన పారిశ్రామిక విద్యాలయమున చేరెను. అచ్చట ప్రయోగశాలలో పాఠము చెప్పుచున్న యువకుడు పియరీ క్యూరీ. ఆయనయు, ఆయన అన్న జాక్వెస్‌యు కలసి 1880లో ఒక వింతను కనుగొనియుండిరి. క్వార్ట్జ్ వంటి కొన్ని స్ఫటికములను ఒత్తినయెడల వాటి ముఖములపై విద్యుదావేశము పుట్టుచుండెను. తిరిగి ఆ ముఖములకు విద్యుత్తు నిచ్చినయెడల స్ఫటికము అణుమాత్రము వ్యాకోచించుటయో, సంకోచించుటయో జరుగుచుండెను. దీనికి పీడన విద్యుత్తు అని పేరు. మేరీ క్యూరీ తరువాత రేడియోధార్మికతను కొలిచినది ఈ క్వార్ట్జ్ పలక సాయముతోనే. అంతకు మించి ముప్పది యేండ్లకు పైగా ఆ వింతకు లోకమున పెద్ద ఉపయోగము కలుగలేదు. శిష్యుడు మాత్రము దానిని మరువలేదు.

పియరీ క్యూరీ ప్రోత్సాహముతో లాంజెవిన్ ఎకోల్ నార్మాల్ అను ప్రసిద్ధ విద్యాలయపు ప్రవేశపరీక్ష వ్రాసి ప్రథముడుగా నిలిచెను. 1897లో కేంబ్రిడ్జికి పోయి జె. జె. థామ్సన్ ప్రయోగశాలలో ఒక సంవత్సరము పనిచేసెను. న్యూజీలండు నుండి వచ్చిన రూథర్‌ఫర్డ్ అచ్చట ఆయనకు సహాధ్యాయి, ఆ పిమ్మట జీవితకాల మిత్రుడు. ఆ సంవత్సరములలోనే ఫ్రాన్సు దేశమంతయు డ్రైఫస్ వ్యవహారముతో అట్టుడికిపోవుచుండెను. యూదుడైన ఒక సైనికాధికారిపై లేని ద్రోహము మోపి ద్వీపాంతరమునకు పంపగా, ఆ తీర్పును పునర్విచారించవలెనని కోరు వినతిపత్రముపై 1898లో లాంజెవిన్ సంతకము చేసెను. ఉద్యోగమింకను స్థిరపడని యువకునికి అది లాభము తెచ్చు పని కాదు.

1902లో వాయువుల అయనీకరణముపై డాక్టరేటు, అదే సంవత్సరము కొలేజ్ ద ఫ్రాన్స్‌లో బోధన, 1905లో అయస్కాంతత్వ సిద్ధాంతము, 1909లో ఆచార్య పదవి ఒకదాని వెంట నొకటి వచ్చినవి. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతమును ఫ్రాన్సులో మొదట గ్రహించి బోధించిన వారిలో లాంజెవిన్ అగ్రగణ్యుడు. అంతరిక్షయానము చేసి తిరిగివచ్చిన వానికంటె భూమిపై నున్నవారు ఎక్కువ ముసలివారై యుందురను ప్రసిద్ధమైన ఉదాహరణ 1911లో ఆయన ఇచ్చినదే. ఆ సంవత్సరమే ఆయనకును, అప్పటికి వితంతువైన మేరీ క్యూరీకిని గల స్నేహమును పత్రికలు వీధికెక్కించినవి. ఒక సంపాదకునితో ద్వంద్వయుద్ధము వరకు పోయి, తుపాకి ప్రేలకుండగనే అది ముగిసెను. పరుల ఇంటి సంగతులు వార్తలుగా అమ్ముడుపోవుట నాటికిని నేటికిని ఒక్కటే గనుక మేము దానిని ఇంతటితో విడుచుచున్నాము.

1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మంచుకొండను గుద్దుకొని మునిగిపోయిన పిమ్మట, నీటిలోనికి ధ్వనిని పంపి దాని ప్రతిధ్వనిచేత ఎదుటనున్న ఆటంకమును ముందుగా తెలిసికొనవచ్చునను ఊహ పలువురికి కలిగెను. 1914లో యుద్ధము వచ్చెను. జర్మను జలాంతర్గాములు ఓడలను ముంచుచుండగా ఆ ఊహ ప్రాణావసరమయ్యెను. 1915 ఆరంభమున, స్విట్జర్లండులో నివసించుచున్న షిలోవ్‌స్కీ అను రష్యా ఇంజనీరు ఫ్రెంచి ప్రభుత్వమునకు ఒక ప్రతిపాదన పంపెను. ప్రభుత్వము దానిని పరిశీలింపుమని లాంజెవిన్‌కు అప్పగించెను.

ఇందలి చిక్కు ఏమనగా, మనకు వినవచ్చు ధ్వని నీటిలో అన్ని దిక్కులకును చెదరిపోవును. సెకనుకు వేయి కంపనములు గల ధ్వనికి నీటిలో తరంగదైర్ఘ్యము ఒకటిన్నర మీటరు. దానిని సన్నని కిరణముగా చేసి ఒక దిక్కునకు పంపవలెనన్న పంపు పలక ఇంటి గోడ యంత యుండవలెను. కంపనములు నలువది వేలయినచో తరంగదైర్ఘ్యము నాలుగు సెంటీమీటర్లకు లోపే. అప్పుడు పళ్ళెమంత పలక చాలును. కాని హెచ్చు పౌనఃపున్యముగల ధ్వనిని నీరు త్వరగా పీల్చివేయును. కిరణము సన్నగిల్లవలెను, దూరము తగ్గరాదు. ఈ రెంటి నడుమ లాంజెవిన్ లెక్కవేసి ఎన్నుకొన్నది నలువది వేలకు అటునిటుగా. నేటి విమానపు పెట్టెల గొట్టము పలుకు 37,500 ఆ పరిసరముననే యుండుట గమనింపదగినది.

మొదటి ప్రయోగములు సీన్ నదిలో జరిగినవి. అభ్రకపు రేకులతో చేసిన విద్యుత్ కండెన్సరును పలికించి, బొగ్గుపొడి మైక్రోఫోనుతో వినుచుండిరి. 1916 మేలో షిలోవ్‌స్కీ, లాంజెవిన్ కలసి పేటెంటుకు దరఖాస్తు చేసిరి. ఆ పిమ్మట షిలోవ్‌స్కీ తన దారిని తాను పోయెను. లాంజెవిన్ తూలోన్ నౌకాశ్రయమునకు మకాము మార్చెను. పరికరము పలుకుచుండెను గాని దుర్బలముగా నుండెను. 1917లో ఆయనకు గురువు గారి క్వార్ట్జ్ గుర్తునకు వచ్చెను. అంతకు ముందు దానిని వాడ వీలులేకపోయినది, ఏలయన స్ఫటికము పుట్టించు విద్యుత్తు అత్యల్పము. యుద్ధకాలమున సైనిక తంతి శాఖ వృద్ధిచేసిన వాల్వు ఆంప్లిఫైయర్లు ఆ లోటును తీర్చినవి. పారిస్‌లోని స్ఫటికముల వ్యాపారి యొకని వద్ద ప్రదర్శనకై యుంచిన పెద్ద క్వార్ట్జ్‌ను సంపాదించి పలకలుగా కోయించిరి.

మొదట క్వార్ట్జ్ వినుటకే పనికివచ్చెను. పిమ్మట దానితోనే పలికించిరి. పెద్ద పలక లభించుట దుర్లభము గనుక చిన్న చిన్న పలకలను గచ్చుమీది రాళ్ళవలె ప్రక్క ప్రక్కన పేర్చి, క్రిందను మీదను ఉక్కు పలకల నంటించి, మొత్తమును ఒక్కటిగా అనునాదము చెందునట్లు చేయుట లాంజెవిన్ ప్రతిభ. నేటికిని ఈ అమరికను ఆయన పేరిటనే పిలుచుచున్నారు. 1918 ఆరంభమున తూలోన్‌లో పంపిన సంకేతము ఎనిమిది కిలోమీటర్ల దూరమున వినబడెను. ఆ కిరణమున కడ్డము వచ్చిన చిన్న చేపలు చచ్చి తేలెను. నీట చేయి ముంచిన వారికి ఎముకలలో నొప్పి పుట్టెను. నీట మునిగిన జలాంతర్గామి నుండి ప్రతిధ్వని స్పష్టముగా తిరిగి వచ్చెను. ఫ్రెంచివారు ఈ రహస్యమును మిత్రదేశములతో పంచుకొనిరి. బ్రిటనులో రాబర్ట్ బాయిల్ అను కెనడా శాస్త్రజ్ఞుడు అదే దారిని నడచెను. పరికరము యుద్ధనౌకల కెక్కులోపలనే, ఆ నవంబరున, యుద్ధము ముగిసెను.

శాంతికాలమున ఈ విద్య సముద్రపు లోతులు కొలుచుటకు, చేపల గుంపులను కనుగొనుటకు, లోహములలోని పగుళ్ళు చూచుటకు ఉపయోగపడెను. గర్భిణులకు ఆసుపత్రిలో చేయు స్కానింగు దీని సంతానమే. మన ప్రాంతమునకును దీనితో సంబంధము లేకపోలేదు. నిజాం కళాశాల విద్యార్థియై, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడైన సూరి భగవంతము గారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున అతిధ్వనులపై పరిశోధనలు చేసిరి.

లాంజెవిన్ ప్రయోగశాలకే పరిమితమైన మనిషి కాడు. యుద్ధానంతరము ఫ్రాన్సులో జర్మనులన్న ద్వేషము మండుచున్న 1922లో, ఐన్‌స్టీన్‌ను పారిస్‌కు ఆహ్వానించి, అల్లరి జరుగునేమోయని తానే సరిహద్దు స్టేషను వరకు ఎదురేగి తోడ్కొని వచ్చెను. లూయీ ద బ్రోలీ అను యువకుడు ద్రవ్యమునకును తరంగస్వభావము కలదని వ్రాసిన సిద్ధాంతగ్రంథమును ఐన్‌స్టీన్ దృష్టికి తెచ్చినవాడు ఆయనయే. తన శిష్యుడు ఫ్రెడరిక్ జోలియోను మేరీ క్యూరీ ప్రయోగశాలకు పంపినవాడును ఆయనయే. 1934లో నాజీల ఉపద్రవమును గుర్తించి మేధావుల ఫాసిస్టు వ్యతిరేక సంఘమును నిలిపిన ప్రముఖులలో ఆయన పేరు కలదు. శాస్త్రవేత్తకు రాజకీయమేల యని ఆక్షేపించిన వారు లేకపోలేదు. ఆయన సమాధానము ఆయన బ్రతుకే యయ్యెను.

1940 జూన్‌లో పారిస్ జర్మనుల వశమయ్యెను. అక్టోబరు 30న వారు లాంజెవిన్‌ను నిర్బంధించి సాంతే చెరసాలలో నుంచిరి. అప్పటికి ఆయన వయసు అరువది ఎనిమిది. నవంబరు 8న విద్యార్థులు, ఉపాధ్యాయులు కొలేజ్ ద ఫ్రాన్స్ ముందు గుమికూడిరి. ఆక్రమణసైన్యము కన్నుల ఎదుట జరిగిన ఆ ప్రదర్శన ఎంతటి సాహసమో మనము ఊహింపవలెను. నలువది దినముల కటునిటుగా చెరలో నుంచిన పిమ్మట ఆయనను ట్రోయ్ పట్టణమున గృహనిర్బంధమునకు మార్చిరి. విషీ ప్రభుత్వము ఆయన ఆచార్య పదవిని ఊడబెరికెను. అల్లుడు జాక్వెస్ సోలమన్, తానును భౌతికశాస్త్రవేత్తయే, రహస్య పత్రికలు నడపినందుకు పట్టుబడి 1942 మే 23న కాల్చివేయబడెను. కుమార్తె హెలెన్‌ను 1943 జనవరిలో ఆష్విట్జ్‌కు పంపిరి. ఇన్ని దెబ్బలు తిన్న వృద్ధుని 1944 మేలో జోలియో మొదలగు మిత్రులు సరిహద్దు దాటించి స్విట్జర్లండు చేర్చిరి. ఆ సెప్టెంబరున ఆయన విముక్తమైన పారిస్‌కు తిరిగి వచ్చెను. హెలెన్ బ్రతికి ఇల్లు చేరినది 1945లో.

మిగిలిన రెండేండ్లును ఆయన బడిపిల్లల కొరకు వెచ్చించెను. పేదవాని బిడ్డకును ధనికుని బిడ్డకును ఒక్కటే చదువు అందవలెనను విద్యాసంస్కరణ సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1946 డిసెంబరు 19న మరణించెను. సంఘపు నివేదిక మరుసటి యేట, మనోవైజ్ఞానికుడు వాలన్ చేతిమీదుగా పూర్తియయ్యెను. 1948 నవంబరున ఆయన అవశేషములను దేశప్రముఖుల సమాధిమందిరమైన పాంథియోన్‌కు చేర్చిరి. ఆ సంవత్సరమే ఆయన మనుమడు క్యూరీ దంపతుల మనుమరాలిని పెండ్లాడెను.

లాంజెవిన్ దేశమునకే చెందిన విమాన మొకటి ఆయన విద్యకు కఠినపరీక్ష పెట్టినది. 2009 జూన్ 1న రియో డి జనీరో నుండి పారిస్ వచ్చుచున్న ఎయిర్ ఫ్రాన్స్ 447వ నంబరు విమానము 228 మందితో అట్లాంటిక్ నడుమ అదృశ్యమయ్యెను. తేలియాడు శకలములు, కొన్ని మృతదేహములు దొరికినవి. పెట్టెలు దొరకలేదు. గొట్టపు బ్యాటరీ 30 దినములకు హామీ యిచ్చునది గనుక, ఆ లోపలనే వినవలెను. ఫ్రెంచి అణు జలాంతర్గామి ఎమెరోడ్ వచ్చెను. అమెరికనుల నుండి తెచ్చిన గ్రాహకములను రెండు ఓడలు లోతున లాగుచు తిరిగెను. సముద్రము అచ్చట సుమారు నాలుగు కిలోమీటర్ల లోతు, ఆ గొట్టపు శబ్దము వినబడునది రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే. అందుచేతనే గ్రాహకమును నీటి అడుగునకు దింపక తప్పదు. అడుగున మైదానము లేదు, కొండలు లోయలు. ఏమియు వినరాలేదు. ఆ ఓడలు శకలములకు చేరువగనే పోయియుండెనని తరువాతి లెక్కలు తేల్చినవి. అనగా గొట్టములు మూగవోయి యుండెను.

పెట్టె పలుకనపుడు వెదకువాడే పలుకవలెను. తూలోన్‌లో లాంజెవిన్ చేసినది అదియే గదా. 2009 వేసవిలోను, 2010లోను సోనారుతో అడుగును దువ్వినను ఫలము లేకపోయెను. అప్పుడు గణితజ్ఞులు కూర్చుండి, ఇంతవరకు వెదకి లేదనుకొన్న చోట్లనన్నిటిని మరల తూచి, సంభావ్యతల పటము క్రొత్తగా గీచిరి. గొట్టములు పలుకలేదనియే యెంచినచో, విమానము చివరి స్థానమునకు దగ్గరగానే యుండవలెనని ఆ పటము చెప్పెను. 2011 మార్చి చివర అలూసియా అను ఓడ మూడు యాంత్రిక జలాంతర్గాములను వదలెను. ఏప్రిల్ ఆరంభమున, వారము పది దినములలోనే, 3,900 మీటర్ల లోతున చదునైన అడుగు మీద పరచుకొనియున్న శకలములను వాటి ప్రతిధ్వనులు చూపినవి. చివరి స్థానమునకు అది ఇంచుమించు పన్నెండు కిలోమీటర్లు మాత్రమే. మే 1న ఒక పెట్టె యొక్క జ్ఞాపకఫలకమును, మరునాడు రెండవ పెట్టెను ఈల్ ద సేన్ అను ఓడవారు పైకి తీసిరి. 104 మృతదేహములు కూడ ఆ విడత వచ్చినవి. 74 మంది అచ్చటనే యుండిపోయిరి.

రెండేండ్లు ఉప్పునీట నానిన ఆ ఫలకములు ఎండబెట్టగా మాట్లాడినవి. వేగము కొలుచు గొట్టములు మంచు స్ఫటికములతో మూసికొనిపోయెను. స్వయంచాలకము తప్పుకొనెను. తికమకపడిన చోదకుడు విమానపు ముక్కును పైకెత్తగా అది గాలిపై పట్టు కోల్పోయి, 38,000 అడుగుల నుండి మూడున్నర నిమిషములలో నీటిపై పడెను. ఈ సంగతులు 2012 జూలైలో వెలువడిన తుది నివేదికలో ఉన్నవి. ఆ గొట్టములను అంతకు పూర్వమే మార్చుట ఆరంభమైయుండెను. పైయెత్తున విమానము పట్టుతప్పినప్పుడు ఏమి చేయవలెనో చోదకులకు నేర్పు పాఠములు ఆ పిమ్మట మారినవి.

గొట్టపు బ్యాటరీ ఆయుర్దాయమును 30 నుండి 90 దినములకు పెంచవలెనను నియమము 2018 నుండి అమలునకు వచ్చెను. పెద్ద విమానముల దేహమునకు 8,800 కంపనముల మరియొక గొట్టమును తగిలింపవలెననియు నిర్ణయించిరి. తక్కువ పౌనఃపున్యము ఎక్కువ దూరము పోవుననునది లాంజెవిన్ వేసిన లెక్కలోనిదే.

2014 మార్చి 8న 239 మందితో కౌలాలంపూరు నుండి బయలుదేరి కనబడకపోయిన మలేసియా విమానమునకు ఈ మార్పులేవియు అందలేదు. దాని పెట్టెలలో నొకదాని గొట్టపు బ్యాటరీ గడువు 2012 డిసెంబరులోనే తీరిపోయియుండెనని విచారణలో తేలినది. దక్షిణ హిందూ మహాసముద్రపు అడుగున 1,20,000 చదరపు కిలోమీటర్లు సోనారుతో పరీక్షించి, 2017 జనవరిలో ఆ అన్వేషణను నిలిపిరి. మరుసటి యేట వేరొక సంస్థ ఓడ ఇంచుమించు అంతటి ప్రదేశమును వెదకి, వట్టిచేతులతో తిరిగి వచ్చెను.